స్ప్రింగుల జోలికి వెళ్లేముందు టైరు మీద అంకెలు చదవండి

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎస్‌యూవీ కొన్నాను. 60 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్‌కి వంక పెట్టలేం, చూడ్డానికీ బాగుంది, కానీ అందులో ప్రయాణం మాత్రం నరకం. రోడ్డు మీద చిన్న అతుకు వచ్చినా ఠకామని నడుముకి తగులుతుంది. మా అమ్మ వెనక సీట్లో కూర్చోనని తెగేసి చెప్పింది. టైర్లు 255/45 ఆర్20. ఇవి పాత ఓనర్ వేయించినవి, ఈ బండికి కంపెనీ నుంచి 17 అంగుళాల రిమ్ములు వచ్చేవట. ఒక మెకానిక్ హెవీ డ్యూటీ షాకులు, అంటే షాకబ్జార్బర్లు వేయించమంటున్నాడు. ఇంకొకాయన మెత్తటి స్ప్రింగులు వేద్దాం అంటున్నాడు. మా ఫ్రెండ్ అయితే గాలి 25 పిఎస్‌ఐకి దించెయ్, అంతా అదే సర్దుకుంటుంది అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: ప్రస్తుతానికి ముగ్గురి మాటా వినకండి. ముగ్గురూ మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు కానీ, బండి ఎలా కొడుతోందో అడక్కుండానే మందు రాసిచ్చేశారు. మీ ఉత్తరంలో ఆ జవాబు మీరే ఇచ్చారు. చిన్న అతుక్కి కూడా ఠకామని తగులుతోంది అన్నారు. నాకు కావలసిన ముక్క అదే.

కుదుపులన్నీ ఒకటి కాదు. రోడ్డు అతుకులు, వంతెన మీద జాయింట్లు, చిన్న చిన్న గతుకుల దగ్గర ఠక్ ఠక్ మని పదునుగా కొడితే అది ఎక్కువగా టైరు, గాలి, రిమ్ము, బుష్‌ల (సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు ముక్కల) వ్యవహారం. స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండు మూడు సార్లు పడవలా పైకీ కిందకీ ఊగుతూ ఉంటే షాకులు అరిగిపోయాయి. ఒక పక్క చక్రం గుంతలో పడినప్పుడు మీ తల అటూ ఇటూ విసిరేసినట్టు ఊగితే అందులో యాంటీ రోల్ బార్ (బండి ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలని కలిపే కడ్డీ) పాత్ర ఉంది. అలా కాకుండా పెద్ద గుంతలో దబ్బుమని ఇనుము ఇనుముకి తగిలినట్టు శబ్దం వస్తే సస్పెన్షన్ కదలగలిగినంత మేరా కదిలేసి, చివర ఆపడానికి పెట్టిన బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ మీద కూర్చుంటోందని అర్థం. ఈ నాలుగింటికీ మందులు వేరు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే డబ్బు పోవడమే కాదు, ఉన్న బాధ ఎక్కువవుతుంది కూడా. మీది మొదటి రకం, అందుకే టైర్ల దగ్గర మొదలుపెడదాం.

దీని వెనక సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే షాపులో ఎవరు ఏది చెప్తే అది నమ్మాల్సి వస్తుంది. మామూలు బండి బాడీ తన స్ప్రింగుల మీద సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగేలా ఉంటుంది. ఆ నెమ్మది ఊపు మనకి హాయిగానే ఉంటుంది. చక్రం, దాని ఇరుసు మాత్రం సెకనుకి 10 నుంచి 15 సార్లు కొట్టుకుంటాయి. కూర్చున్న మనిషి శరీరం పైకీ కిందకీ వచ్చే కదలికల్లో ఎక్కువ ఇబ్బంది పడేది సెకనుకి 4 నుంచి 8 సార్ల మధ్య. నడుముకి తెలిసే బాధ అక్కడిదే. ఇప్పుడు రోడ్డు అతుకు ఒకటి చక్రం కిందకి వచ్చిందనుకోండి, అది వచ్చి పోవడానికి పట్టేది రెప్పపాటు. షాకబ్జార్బర్‌ది వింత స్వభావం, నెమ్మదిగా కదిపితే సులువుగా కదులుతుంది, ఒక్కసారిగా కదిపితే ఎదురు తిరుగుతుంది. కాబట్టి అంత వేగంగా వచ్చే దెబ్బని మొదట మింగాల్సింది టైరే. రోడ్డుకీ బండికీ మధ్య మొదటి స్ప్రింగ్ టైరులో ఉన్న గాలి, దాని పక్కగోడ. ఆ పక్కగోడ పొట్టిగా ఉన్నా, బిగుసుకుపోయి ఉన్నా, అతిగా గాలి కొట్టినా దెబ్బ నేరుగా పైకి వస్తుంది. కింద ఎంత ఖరీదైన షాకులున్నా పెద్దగా తేడా రాదు.

ముందు గాలి సంగతి, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్కన స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది, కొన్ని బండ్లలో పెట్రోల్ మూత లోపల ఉంటుంది. కంపెనీ వేసిన టైరు సైజు, దానికి ఎంత గాలి అన్నది అందులో ఉంటుంది. చాలా స్టిక్కర్లలో రెండు అంకెలు ఉంటాయి, ఒకటి మామూలు బరువుకి, ఇంకొకటి బండి నిండా మనుషులూ సామానూ ఉన్నప్పటికి. టైరు పక్కన 50, 51 అని అచ్చువేసి ఉండే అంకెని చూసి అంత గాలి కొట్టించేవాళ్లని చాలామందిని చూశాను. అది ఆ టైరు తట్టుకునే గరిష్ఠ ఒత్తిడి, మీ బండికి కావలసినది కాదు. బంకులో కుర్రాడు కూడా అడక్కపోతే ఉజ్జాయింపుగా నాలుగైదు ఎక్కువే కొట్టి పంపిస్తాడు. మీ బండిలో ఇప్పుడు 40 దాకా ఉన్నా నేను ఆశ్చర్యపోను.

సొంత గేజ్ ఒకటి కొనుక్కోండి. బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక, పొద్దున్నే ఎండ తగలకముందు కొలవండి. వాతావరణం 5, 6 డిగ్రీలు మారితే గాలి సుమారు 1 పిఎస్‌ఐ మారుతుంది, బండి నడిచి టైరు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. వేడిగా ఉన్నప్పుడు కొలిచి ఎక్కువైందని తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. ఇంకో చిన్న చిక్కు ఏమిటంటే, స్టిక్కర్ మీది అంకె 17 అంగుళాల టైరుది. మీ 20 అంగుళాల టైరుకి అదే బరువు మోయడానికి ఎంత గాలి కావాలో ఆ టైరు కంపెనీ పట్టికలో చూసి చెప్పమని టైరు షాపులో అడగండి, మంచి షాపు అయితే చూపిస్తారు.

మీ ఫ్రెండ్ చెప్పిన 25 మాత్రం వద్దు. మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ గాలి తక్కువైన టైరు తిరిగే ప్రతి చుట్టులోనూ ఎక్కువ నలుగుతుంది, లోపల వేడెక్కుతుంది, వేగంగా బరువుతో వెళ్లేటప్పుడు పొరలు విడిపోయే ప్రమాదం ఉంది. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కథ వినే ఉంటారు. ఆ ఎస్‌యూవీకి ఫోర్డ్ సిఫారసు చేసిన గాలి 26 పిఎస్‌ఐ. దాని ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే పైపొర, ఊడిపోయి, బండ్లు బోల్తాపడి ఎంతోమంది చనిపోయారు. 2000 ఆగస్టులో సుమారు 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. తప్పు టైరుదా, బండిదా, గాలిదా అని రెండు కంపెనీలూ చాలాకాలం కొట్టుకున్నాయి, ఆ వాదనలోకి నేను వెళ్లను. ఆ తర్వాత సిఫారసు 30కి పెరిగింది. టైరులో గాలి తగ్గితే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలిగే ఏర్పాటు అక్కడ తప్పనిసరి అవడానికి దారి తీసింది కూడా ఈ గొడవే. స్టిక్కర్ మీది అంకెకి కిందకి దిగకండి. దాని మీద 1, 2 ఎక్కువ ఉంటే ఇబ్బంది లేదు.

ఇక అసలు దోషి దగ్గరికి వద్దాం. 255/45 ఆర్20 అంటే టైరు వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం, అంటే దాదాపు 115 మిల్లీమీటర్లు, చివరి 20 రిమ్ము అంగుళాలు. 17 అంగుళాల రిమ్ముకి దీంతో సరితూగే సైజు 235/65 ఆర్17. దాని పక్కగోడ సుమారు 153. అంటే 38 మిల్లీమీటర్లు ఎక్కువ రబ్బరు, ఎక్కువ గాలి మీ నడుముకీ రోడ్డుకీ మధ్యకి వస్తుంది. తమాషా ఏమిటంటే రెండు టైర్ల మొత్తం ఎత్తు దాదాపు ఒక్కటే, రెండూ 737 మిల్లీమీటర్ల చుట్టూనే ఉంటాయి. కాబట్టి స్పీడోమీటర్ తప్పు చూపించదు, బండి ఎత్తు మారదు. మధ్యలో 255/55 ఆర్18 కూడా ఉంది, పక్కగోడ 140. అదీ అదే ఎత్తు. మీ తలుపు స్టిక్కర్ మీద ఏ సైజు ఉందో చూడండి, 235/65 ఆర్17 ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. వేరే ఏదైనా ఉంటే దాన్నే పాటించండి, నేను చెప్పానని ఇది వేయించకండి.

బరువు సంగతి కూడా ఉంది. పెద్ద రిమ్ము సాధారణంగా బరువుగా ఉంటుంది, ఆ బరువు స్ప్రింగుకి కింద ఉంటుంది. గతుకు తగిలినప్పుడు పైకి లేచిన బరువైన చక్రాన్ని తిరిగి కిందకి దింపడం షాకుకి కష్టం. చిన్న రిమ్ముకి మారితే ఈ లాభం కూడా వస్తుంది, బ్రేకు, పికప్, మైలేజీ కూడా ఎంతో కొంత మెరుగుపడొచ్చు. నష్టం లేదా అంటే ఉంది, మలుపుల్లో స్టీరింగ్ తిప్పగానే స్పందించే ఆ చురుకుదనం కొంచెం తగ్గుతుంది. అందం కూడా తగ్గిందని మీ ఇంట్లో కుర్రాళ్లు ఎవరైనా అంటారు. మీ అమ్మగారు అనరు.

కొనే ముందు ఒక రోజు పరీక్ష చేసుకోగలిగితే బాగుంటుంది. ఇదే మోడల్ 17 రిమ్ములతో ఉన్నవాళ్లు తెలిసినవాళ్లలో ఎవరైనా ఉంటే, వాళ్ల బండిలో మీరు రోజూ తిట్టుకునే ఆ రోడ్డు మీదే, అదే వేగంతో తిరిగి చూడండి, వీలైతే అమ్మగారిని కూడా వెనక కూర్చోబెట్టుకుని. నేను ఇక్కడ రాసే వెయ్యి మాటల కన్నా ఆ పది నిమిషాలు ఎక్కువ చెప్తాయి.

సెకండ్ హ్యాండ్ 17 అంగుళాల రిమ్ములు దొరికితే తీసుకోవచ్చు, కానీ బోల్టుల లెక్క, వాటి మధ్య దూరం, మధ్య రంధ్రం, ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్య గీత నుంచి అది బిగించే చోటు ఎంత పక్కకి ఉందో ఆ దూరం) ఇవన్నీ కంపెనీ రిమ్ముతో కలవాలి. ఆఫ్‌సెట్ తేడా వస్తే చక్రం బయటకి పొడుచుకొచ్చి బేరింగుల మీద అదనపు భారం పడుతుంది. ఇంకో మాట, మీ వేరియంట్‌కి పెద్ద బ్రేకులు ఉంటే 17 రిమ్ము కాలిపర్‌కి, అంటే బ్రేకు డిస్కుని పట్టుకునే భాగానికి తగలొచ్చు. మీ ఇంజిన్, మీ వేరియంట్ ఉన్న బండికే 17 వచ్చేదా అని నిర్ధారించుకోండి, లేదా టైరు లేకుండా ఒట్టి రిమ్ము బిగించి చేత్తో తిప్పి చూడమనండి. తిప్పినప్పుడు ఎక్కడా రాసుకోకూడదు.

టైరు రకం దగ్గర కూడా చాలామంది బోల్తా పడతారు. సైజు ఒకటే అయినా ఒక టైరు దూదిలా, ఇంకోటి రాయిలా ఉండటానికి కారణం దాని నిర్మాణం. ఎల్‌టి అని మొదలయ్యే టైర్లు, అంటే లైట్ ట్రక్ రకం, బరువులు మోయడానికి చేసినవి. పక్కగోడ మందం, పైగా అదే బరువుకి వాటికి గాలి కూడా ఎక్కువ కావాలి. గంభీరంగా కనిపిస్తాయని ఆల్ టెరైన్ ఎల్‌టి టైర్లు వేయించుకుని, తారు రోడ్డు తప్ప ఇంకోటి ఎక్కని ఎస్‌యూవీలు ఎన్నో! రన్ ఫ్లాట్ టైరు అయితే గాలి పోయినా బండిని మోయాలి కాబట్టి పక్కగోడ గట్టిగానే ఉంటుంది, తీసేస్తే హాయి, కానీ అప్పుడు స్టెప్నీ అయినా పంక్చర్ కిట్ అయినా బండిలో పెట్టుకోవాలి. మీకు కావలసింది టూరింగ్ లేదా హైవే రకం. లోడ్ ఇండెక్స్ మాత్రం స్టిక్కర్ చెప్పినదానికి తగ్గకూడదు. 104 అంటే ఒక టైరు 900 కిలోలు మోస్తుంది, 108 అంటే 1000 కిలోలు. స్టిక్కర్ 104 అంటే 104 చాలు, ఎక్కువ ఉంటే మంచిదేగా అని ఎక్స్‌ట్రా లోడ్ వైపు వెళ్తే కొంత గట్టిదనం మళ్లీ కొని తెచ్చుకున్నట్టే.

ఇప్పుడున్న టైర్ల వయసు కూడా చూడండి. డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 3518 అని ఉంటే 2018లో 35వ వారం తయారైందని. ట్రెడ్ ఎంత మిగిలి ఉన్నా పాతబడ్డ రబ్బరు గట్టిపడుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే నాలుగూ ఒకేసారి, ఒకే రకంవి మార్చండి, రెండు కొత్తవి రెండు అరిగినవి పెడితే చుట్టుకొలతల తేడాతో, ముందు వెనక చక్రాలకి శక్తిని పంచే లోపలి కప్లింగ్ పాడవొచ్చు.

ఇక మెకానిక్‌లు చెప్పినవి. హెవీ డ్యూటీ షాకులు అన్న పేరులోనే జవాబు ఉంది. బరువు లాగేవాళ్లకీ, దారి లేని చోట తిరిగేవాళ్లకీ అవి. బిల్‌స్టైన్‌లో బి6 కంపెనీ షాకు కన్నా గట్టిగా బిగించినది, బి4 అయితే కంపెనీదానికి బదులుగా వేసేది. కేవైబీలో కూడా అంతే, ఎక్సెల్ జి మామూలు బదులు షాకు, గ్యాస్ ఎ జస్ట్ గట్టిది. ఏ బ్రాండైనా ఫరవాలేదు, కంపెనీ స్థాయి బిగింపు ఉన్నదే అడగండి. కోనీలో ఎఫ్‌ఎస్‌డి అని ఒక రకం ఉంది, ఇప్పుడు స్పెషల్ యాక్టివ్ అన్న పేరుతో వస్తోంది, వేగంగా వచ్చే చిన్న కుదుపులకి మెత్తబడి, నెమ్మదిగా ఊగే పెద్ద కదలికలకి బిగుసుకునేలా చేసింది. మీ మోడల్‌కి దొరికితే, మీ బాధకి అది సరిగ్గా సరిపోయే వస్తువు. కానీ ముందు మీ షాకులు నిజంగా పోయాయో లేదో చూడాలి కదా. 60 వేలంటే కొన్ని బండ్లలో పోతాయి, కొన్నింట్లో ఇంకా బాగానే ఉంటాయి. షాకు మీద నూనె కారిన తడి ఉందా, టైరు అరుగుదల ఎగుడుదిగుడు కప్పుల్లా ఉందా, బ్రేకు కొట్టినప్పుడు ముక్కు బాగా వంగుతోందా, ఇవి చూడమనండి. మారిస్తే ఒకే ఇరుసు మీద రెండూ కలిపి మార్చాలి. డ్యాష్‌బోర్డు మీద కంఫర్ట్, స్పోర్ట్ మోడ్‌లు సస్పెన్షన్‌ని కూడా మార్చే బండి అయితే ఆ షాకుకి కరెంటు వైరు ఉంటుంది, దాని స్థానంలో మామూలుది పెడితే వార్నింగ్ లైట్లు వెలుగుతాయి.

బుష్‌ల గురించి ఒక మాట చెప్తాను, చాలా గ్యారేజీల్లో దీన్ని పట్టించుకోరు. కంట్రోల్ ఆర్మ్ అంటే చక్రాన్ని బండికి కలిపే ఇనుప చెయ్యి. దాని బుష్ ఒక రబ్బరు ముద్ద, లోపలా బయటా ఇనుము అతికి ఉంటుంది. ఆర్మ్ కదిలినప్పుడు ఆ రబ్బరు మెలిపడి మళ్లీ విప్పుకుంటుంది. బండిని లిఫ్ట్ మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా ఆ బోల్టులు పూర్తిగా బిగించేస్తే, బండి కిందకి దిగాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. ఫలితం బండి బిగుసుకుపోవడం, బుష్ త్వరగా చిరిగిపోవడం. సరైన పద్ధతి ఏమిటంటే, బోల్టులు వదులుగా పెట్టి, చక్రాల మీద బండి బరువు పడ్డాక, మామూలు ఎత్తులో బిగించాలి. మీ బండికి పాత ఓనర్ బుష్‌లు మార్పించి ఉంటే, ఆ బోల్టులు వదులు చేసి, బరువు మీద మళ్లీ బిగించి చూడమనండి. పెద్ద ఖర్చు లేని పని. పాలీయురేథేన్ (రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్ లాంటిది) బుష్‌లు వేసి ఉంటే మాత్రం తీసి మళ్లీ రబ్బరువే వేయించండి. రేసింగ్‌కి అవి బాగుంటాయి, ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లడానికి కాదు.

20 అంగుళాల రిమ్ములు వేయించిన మనిషి అక్కడితో ఆగి ఉంటాడని నాకు నమ్మకం లేదు. కింద కూర్చుని స్ప్రింగులు చూడండి. చుట్ల మధ్య రబ్బరు బఫర్లు దూర్చి ఉన్నాయా? బండి ఎత్తుగా నిలబడాలని చాలామంది పెట్టిస్తారు, అవి స్ప్రింగులో కొంత భాగాన్ని పనిచేయకుండా ఆపేస్తాయి కాబట్టి బండి గట్టిపడుతుంది. ఉంటే పీకించండి. స్ప్రింగు రంగు మామూలుగా కంపెనీవాటిలా కాకుండా వేరేగా ఉంటే ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేసి ఉండొచ్చు. కోసిన స్ప్రింగు అయితే మరీ ఘోరం, చుట్లు తగ్గితే స్ప్రింగు మెత్తబడదు, ఇంకా గట్టిపడుతుంది. పైగా బంప్ స్టాప్‌కి దగ్గరవుతుంది. ఇవేవైనా కనిపిస్తే కంపెనీ స్ప్రింగులు తిరిగి వేయించడమే.

కంపెనీ స్ప్రింగులే ఉంటే వాటిని వదిలేయండి. మెత్తటివి వేద్దాం అన్న ఆయన మాటలో తర్కం ఉన్నట్టే ఉంటుంది గానీ, మెత్తటి స్ప్రింగు అదే బరువుకి ఎక్కువ కుంగుతుంది, ఐదుగురు కూర్చుని సామాను పెడితే ఇంకా కుంగుతుంది, అప్పుడు ప్రతి పెద్ద గుంతకీ బంప్ స్టాప్ తగులుతుంది. అంటే ఠక్ పోయి దబ్ వస్తుంది. ఎస్‌యూవీ ఎత్తైన బండి, దాని బరువు పైన ఉంటుంది, మలుపులో ఒరగకుండా ఉండటానికే కంపెనీ స్ప్రింగుల్నీ యాంటీ రోల్ బార్‌నీ గట్టిగా పెడుతుంది. బండి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆ లెక్కల మీదే పనిచేస్తుంది. అందుకే బార్ తీసేస్తే మెత్తగా ఉంటుందని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి. దాని లింకులు, బుష్‌లు అరిగి టకటక మంటుంటే మార్పించుకోండి, అంతే.

ఒకేసారి అన్నీ మార్చకండి. ఈ వారం గాలి సరిచేసి, స్ప్రింగులూ బుష్‌లూ చూపించి నడపండి. తర్వాత రిమ్ములు, టైర్లు. వాటితో నెల రోజులు తిరిగాక కూడా స్పీడ్ బ్రేకర్ దగ్గర ఊగులాట మిగిలితే అప్పుడు షాకులు. షాకులు విప్పారంటే ఆ వెంటనే అలైన్‌మెంట్ చేయించాలి, స్ట్రట్ (స్ప్రింగూ షాకూ కలిసి ఉండే భాగం) పైన ఉండే మౌంట్ కూడా ఎలాగూ విప్పుతారు కాబట్టి, అరిగి ఉంటే అప్పుడే మార్పించండి.

ఈలోగా అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. వెనక సీటు వెనక చక్రాలకి దగ్గరగా ఉంటుంది, అక్కడ పడే దెబ్బ ముందు కూర్చున్న మీకు తెలిసేదానికన్నా ఎక్కువ. మూడో వరస ఉంటే అది దాదాపు ఇరుసు మీదే, అక్కడ ఎవరినీ దూర ప్రయాణం చేయించకండి. తలుపు స్టిక్కర్ మీద ఉన్న సైజు, లోడ్ ఇండెక్స్, గాలి అంకెలు, స్ప్రింగుల దగ్గర ఏం కనిపించిందో రాసి పంపండి, ఏ టైరు వేయించాలో అప్పుడు మాట్లాడుకుందాం.